కొమ్మల అణువుకి రెండు ఫోటాన్లు తగిలినంక ఏమైతది

(నల్గొండలో డిగ్రీ, పీజీ కెమిస్ట్రీ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాట్లాడినట్టే ఉంచినం.)

అందరికీ నమస్తే. వెనక బెంచీలోళ్లకి వినబడుతున్నదా? సరే. సార్ వాళ్లు నన్ను లేజర్ల గురించి చెప్పమన్నరు, నేను లేజర్ కంటే కూడా లేజర్ తగిలినంక అణువు లోపల ఏమైతదో అది చెప్తా, ఎందుకంటే ఇన్నేండ్లుగా నన్ను వదలని ప్రశ్న అదే. ప్రశ్న చూస్తే చిన్నది. ఒక అణువుకి మూడు కొమ్మలున్నయ్, మూడూ అచ్చం ఒక్కతీరుగ ఉన్నయ్, దాని మీద వెలుగు పడ్డది, శక్తి లోపలికి వచ్చింది. ఇప్పుడు ఆ శక్తి ఎక్కడున్నది? మూడు కొమ్మల మీద పరుచుకొని ఉన్నదా, ఒక్క కొమ్మ మీదికి చేరిందా, చేరితే ఎంత సేపట్ల చేరింది, ఎందుకు ఆ కొమ్మకే చేరింది?

దీనికి జవాబు తెలిస్తే గానీ మంచి టూ-ఫోటాన్ డై, అంటే రెండు ఫోటాన్లని కలిపి మింగే రంగు పదార్థం, తయారు చేయలేం. మస్తు మంది ఎంత వెలుగు మింగింది అన్న నంబర్ దగ్గరే ఆగిపోతరు, మింగినంక ఏం చేసింది అని అడగరు. నాకైతే అసలు కథ అక్కడ మొదలయితది అనిపిస్తది.

ముందు టూ-ఫోటాన్ అంటే ఏందో జల్దీగా చెప్తా, మీకు సిలబస్‌ల ఉండకపోవచ్చు. మామూలుగా అణువు ఒక్క ఫోటాన్‌ని, అంటే ఒక్క వెలుగు ముక్కని, మింగి కింది స్టేట్ నుంచి పై స్టేట్‌కి పోతది. 400 నానోమీటర్ల వెలుగు అనుకోండ్రి, ఒక్కో ఫోటాన్‌కి 3.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటది. ఇప్పుడు 800 నానోమీటర్ల వెలుగు తీస్కున్నం, దాంట్ల ఒక్కో ఫోటాన్‌కి 1.55 మాత్రమే, ఒక్కటి సరిపోదు. కానీ రెండు ఫోటాన్లు ఒక్కసారే వచ్చి తగిలితే రెండూ కలిపి అదే 3.1 అయితది, అణువు పైకి పోతది. ఒకటి వచ్చి అణువుని సగం దాకా ఎక్కించి, అక్కడ కొంచెం సేపు ఆపి, తర్వాత రెండోది వచ్చి ఎక్కిస్తది అనుకోవద్దు. సగం దగ్గర నిలబడటానికి అక్కడ అసలు స్టేటే ఉండదు, రెండూ కలిసి ఒక్క దెబ్బలో పని కావాలె.

ఈ సంగతి లెక్కల మీద ముందుగాల చెప్పింది మారియా గోపర్ట్-మేయర్. 1930ల జర్మనీల గోటింగెన్‌ల ఆమె పీహెచ్‌డీ థీసిస్ అదే, 1931ల పేపర్ అచ్చయింది. అప్పుడు లేజర్ లేదు, కాబట్టి చూపించే దారే లేకుండె. 1960ల లేజర్ వచ్చింది, మరుసటి ఏడాదే, 1961ల బెల్ ల్యాబ్స్‌ల కైజర్, గ్యారెట్ అని ఇద్దరు రూబీ లేజర్ ఎర్ర వెలుగు, 694 నానోమీటర్లది, ఒక స్ఫటికం మీద వేస్తే నీలం వెలుగు బయటికొచ్చింది. ఆ స్ఫటికం ఏందో తెలుసా, కాల్షియం ఫ్లోరైడ్, దాంట్ల కొంచెం యూరోపియం కలిపి ఉన్నది. నల్గొండలో నిలబడి కాల్షియం ఫ్లోరైడ్ అని చెప్తుంటే నాకు గుండెల ఒక తీరుగ అయితది. మన గ్రానైట్ రాళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ ఖనిజాలు నీళ్లల్ల కరిగి, ఆ నీళ్లు తాగి మర్రిగూడ దిక్కు, మునుగోడు దిక్కు ఎన్ని కుటుంబాల ఎముకలు వంగిపోయినయో మీ అందరికీ తెలుసు. ఆ నీళ్లని పటిక, సున్నం వేసి శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టుకున్నది. రాయి అదే, ఒక దగ్గర మనుషులని కుంగదీసింది, ఇంకో దగ్గర కొత్త సైన్సు తెరిచింది. కెమిస్ట్రీ చదివేటోళ్లు ఈ రెండూ తెలుసుకోవాలె అని నా మాట. సరే, ముందుకు పోదాం.

గోపర్ట్-మేయర్‌కి 1963ల నోబెల్ వచ్చింది, అయితే ఇది కాదు, న్యూక్లియస్ షెల్ మోడల్‌కి. ఫిజిక్స్‌ల మేరీ క్యూరీ తర్వాత ఆమెనే రెండో ఆడమనిషి. అంతకు ముందు ఎన్నో ఏండ్లు జీతం లేకుండనే యూనివర్సిటీలల్ల పని చేసింది. ఆడపిల్లలు ఇక్కడ సగానికి పైగా ఉన్నరు కాబట్టి చెప్తున్న. టూ-ఫోటాన్ మింగుడుని కొలిచే యూనిట్‌కి ఇప్పుడు ఆమె పేరే, జీఎం అంటరు. ఒక జీఎం అంటే పదికి మైనస్ 50వ ఘాతం, యూనిట్లు సెంటీమీటర్ టు ది పవర్ ఫోర్, సెకండ్, పర్ ఫోటాన్. ఎంత చిన్న సంఖ్యో చూడుండ్రి. రోడమిన్-బి అణువు ఒకటి మంచి ఎండల పెడితే ఒక్క ఫోటాన్‌ని సెకనుకి ఒకసారి లెక్కన మింగుతది, రెండు ఫోటాన్లని ఒక్కసారే మింగాలంటే దాదాపు కోటి ఏండ్లు ఆగాలె అని ఈ రంగంల చెప్పే లెక్క ఒకటున్నది. మన మే నెల ఎండ కూడా దీనికి పనికిరాదు.

అందుకే ఫెమ్టోసెకండ్ లేజర్. ఫెమ్టోసెకండ్ అంటే పదికి మైనస్ 15వ ఘాతం సెకను. టైటానియం సఫైర్ లేజర్ సెకనుకి దాదాపు 8 కోట్ల పల్సులు ఇస్తది, ఒక్కో పల్సు 100 ఫెమ్టోసెకన్లు అనుకోండ్రి. లెక్క వేస్తే సెకను మొత్తంల వెలుగు నిజంగ ఉన్నది 8 మైక్రోసెకన్లే, మిగతా టైమంతా చీకటి. సగటు పవర్ కొంచెమే గానీ పల్సు ఉన్నప్పుడు మాత్రం ఫోటాన్లు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉంటయ్. రెండు కలిసి తగలాలె కాబట్టి సిగ్నల్ తీవ్రతకి వర్గంలాగ పెరుగుతది, పవర్ రెండింతలు చేస్తే ఫ్లోరెసెన్స్, అంటే అణువు తిరిగి విడిచే వెలుగు, నాలుగింతలు. లాగ్-లాగ్ గ్రాఫ్ గీస్తే స్లోప్ 2 రావాలె, రాకపోతే మీరు చూస్తున్నది టూ-ఫోటాన్ కాదు ఇంకేదో. ఏ కొలతకైనా ముందుగాల ఈ టెస్టు చేయాలె, చాలా మంది తొందరల వదిలేస్తరు. ఇంకోటి, లెన్స్ పెట్టి ఫోకస్ చేస్తే ఆ ఫోకస్ బిందువు దగ్గర మాత్రమే వెలుగు మింగుతది, ముందు వెనక ఏం కాదు. 1990ల డెంక్, స్ట్రిక్లర్, వెబ్ దీంతోనే టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ చేసిండ్రు, ఇయ్యాల బతికున్న ఎలుక మెదడు లోపల నరాలు మెరుస్తుంటే చూస్తున్నరు. 2001ల జపాన్ ఒసాకాల కవాటా వాళ్లు ఇదే పద్ధతిల రెసిన్ గట్టిపరిచి 10 మైక్రాన్ల పొడవు ఎద్దు బొమ్మ చేసిండ్రు, ఎర్ర రక్తకణం సైజు ఎద్దు.

ఇవన్నీ బాగా కావాలంటే రెండు ఫోటాన్లని ఎక్కువ మింగే అణువులు కావాలె. ఫ్లోరెసీన్‌కి కొన్ని పదుల జీఎం ఉంటది, రోడమిన్‌కి వంద, రెండు వందలు. 1990ల చివరల కెమిస్టులు పట్టుకున్న సంగతి ఏందంటే, ఎలక్ట్రాన్లు ఇచ్చే గ్రూపు ఒక చివర, తీస్కునే గ్రూపు ఇంకో చివర, నడుమ కాంజుగేటెడ్ బ్రిడ్జి, అంటే ఎలక్ట్రాన్లు జారిపోయే బంధాల వంతెన, పెడితే వెలుగు తగిలినప్పుడు చార్జి ఒక చివర నుంచి ఇంకో చివరకి జరుగుతది, ఎంత దూరం ఎంత చార్జి జరిగితే టూ-ఫోటాన్ అంత ఎక్కువ. తర్వాత అడుగు, ఒక కొమ్మ ఎందుకు, ఒకే సెంటర్ నుంచి మూడు కొమ్మలు పెడదాం అని. సెంటర్‌ల ట్రైఫినైల్ అమీన్, అంటే ఒక నైట్రోజన్, దానికి మూడు బెంజీన్ రింగులు, రింగులు కొంచెం మెలితిరిగి ఉంటయ్, ఒక్కో రింగు పారా స్థానం, అంటే నైట్రోజన్‌కి సరిగ్గా ఎదురు మూల, నుంచి ఒక్కో కొమ్మ. అమెరికా బఫెలోల పరాస్ ప్రసాద్ గ్రూపు, ఆయన బీహార్ నుంచి పోయినాయన, 1999ల ఒక పేపర్ వేసింది, ఒక కొమ్మ, రెండు కొమ్మలు, మూడు కొమ్మలు పోల్చి చూస్తే మూడు కొమ్మల అణువు మూడింతలు కాదు, ఆరింతలు దాటి మింగింది. కొమ్మలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటున్నయ్ అన్నమాట. అప్పటి నుంచి ఈ కొమ్మల అణువుల మీద పని ఒక వరదలాగ వచ్చింది.

ఇప్పుడు జర శ్రద్ధగ వినుండ్రి. మూడు కొమ్మలకి ఒక్కోదానికి ఒక్కో ఎక్సైటెడ్ స్టేట్ ఉన్నది, మూడూ ఒకే శక్తి. కొమ్మల నడుమ కప్లింగ్, అంటే ఒకదాని మీద ఒకటి ప్రభావం, ఉంటే, దాన్ని వీ అందాం, ఆ మూడు స్టేట్లు కలిసిపోయి కొత్తగా మూడు తయారైతయ్. గ్రూప్ థియరీ చదివినోళ్లకి సీ-త్రీ సిమెట్రీ, అంటే మూడో వంతు తిప్పినా అచ్చం అట్లనే కనబడుడు, అంటే అర్థమైతది. దాంట్ల రెండు స్టేట్లు సమాన శక్తితోని జంటగా కిందుంటయ్, ఒకటి ఒంటరిగా పైనుంటది, నడుమ తేడా 3వీ. కింది జంట స్టేట్లకి ఒక్క ఫోటాన్‌తో పోవచ్చు, రెండు ఫోటాన్లతో కూడా పోవచ్చు. పైన ఒంటరి స్టేట్‌కి మాత్రం ఒక్క ఫోటాన్‌తో పోలేం, మూడు కొమ్మల డైపోల్స్, అంటే చార్జి ఒక చివర నుంచి ఇంకో చివరకి జరిగే బాణాలు, 120 డిగ్రీల కోణంల ఉండి కూడితే సున్నా అయిపోతయ్. రెండు ఫోటాన్లతో అయితే పోవచ్చు, చాలా అణువులల్ల గట్టిగ పోతది కూడా. అందుకే కొమ్మల అణువులల్ల టూ-ఫోటాన్ పీక్ మామూలు పీక్‌కి సరిగ్గా రెండింతల వేవ్‌లెంగ్త్ దగ్గర రాదు, కొంచెం నీలం దిక్కు జరిగి వస్తది.

అంటే రెండు ఫోటాన్లు అణువుని మామూలు వెలుగు తీస్కపోలేని స్టేట్‌కి తీస్కపోతున్నయ్. మరి అక్కడి నుంచి? అక్కడ నిలబడదు. కొన్ని పదుల నుంచి కొన్ని వందల ఫెమ్టోసెకన్లల్ల కింది స్టేట్‌కి జారిపోతది, మిగిలిన శక్తి బంధాల ఊగుడుగా, అంటే వేడిగా మారిపోతది. ఆ తర్వాత ఒక్క ఫోటాన్‌తో వచ్చిన అణువు, రెండు ఫోటాన్లతో వచ్చిన అణువు పక్కపక్కన పెడితే తేడా పట్టలేం. ఫ్లోరెసెన్స్ స్పెక్ట్రం రెండింటిదీ ఒకదాని మీద ఒకటి పెడితే అతుక్కపోతది, లైఫ్‌టైం, అంటే వెలుగు విడిచేదాకా నిలిచే కాలం, అదే నానోసెకన్లు. ఏ తొవ్వల వచ్చిందో అణువుకి యాది ఉండదు. ఈ మాట ముఖ్యం, దీని వల్ల మనకి పెద్ద సౌకర్యం ఉన్నది, దాని గురించి చివర్ల చెప్తా.

ఇప్పుడు నా ప్రశ్నకి వద్దాం. కింది స్టేట్‌కి వచ్చినంక శక్తి మూడు కొమ్మల మీద ఉన్నదా, ఒక్కదాని మీదనా? ఇక్కడ కొన్ని సీసాలు తెచ్చిన, లైట్లు జర బంద్ చేయుండ్రి. ఇవి నాలుగు సీసాలు, నాలుగింట్ల ఒకటే డై, ట్రైఫినైల్ అమీన్ సెంటర్, మూడు కొమ్మలు, కొమ్మల చివర ఎలక్ట్రాన్లు గుంజే గ్రూపులు. ఒకటి హెక్సేన్‌ల, ఒకటి టోలుయీన్‌ల, ఒకటి టీహెచ్ఎఫ్‌ల, ఒకటి డీఎంఎఫ్‌ల. మామూలు లైటుల చూస్తే నాలుగూ దాదాపు ఒకే లేత పసుపు, తేడా చెప్పలేరు. ఇప్పుడు 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేస్తున్న, చూడుండ్రి. హెక్సేన్‌ది నీలం, టోలుయీన్‌ది నీలం ఆకుపచ్చ నడుమ, టీహెచ్ఎఫ్‌ది ఆకుపచ్చ, డీఎంఎఫ్‌ది నారింజ దిక్కు పోయి కాంతి కూడా తగ్గింది. డై ఒకటే, సాల్వెంట్, అంటే కరిగించిన ద్రవం, మారితే రంగు మారింది. లైట్లు వేయుండ్రి.

దీని అర్థం ఏంది? మింగే రంగు మారలేదు, అంటే వెలుగు తగిలిన క్షణంల అణువుకి సాల్వెంట్ గురించి పట్టింపు లేదు. మూడు కొమ్మలు సమానం, చార్జి మూడు దిక్కులకి సమానంగ జరుగుతది, నికరంగా డైపోల్ సున్నా. విడుదల చేసే రంగు మాత్రం పోలార్ సాల్వెంట్‌ల, అంటే డీఎంఎఫ్ అసోంటి ప్లస్, మైనస్ చివరలున్న అణువుల ద్రవంల, ఎరుపు దిక్కు జరిగింది, అంటే వెలుగు విడిచే టైంకి అణువుకి పెద్ద డైపోల్ ఉన్నది. డైపోల్ సున్నా ఉన్న అణువుకి నడుమల డైపోల్ ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్కటే దారి, చార్జి ఒక్క కొమ్మ మీదికి చేరిపోయింది, సమానత్వం తెగిపోయింది. దీన్నే సిమెట్రీ బ్రేకింగ్ అంటరు. మింగేటప్పుడు అణువంతా కలిసి మింగింది, విడిచేటప్పుడు ఒక్క కొమ్మనే విడుస్తున్నది. కోట్ల రూపాయల లేజర్ లేకుండ నాలుగు సీసాలు, ఒక టార్చ్ లైటుతోని ఈ సంగతి తెలుసుకోవచ్చు, నాకు ఈ సబ్జెక్టు మీద ఇంత ప్రేమ ఎందుకో ఇది చూస్తే మీకు అర్థం కావాలె.

ఎందుకు ఒక్కదాని మీదికే చేరుతది? మన దిక్కు బోరు కింద మడికి మూడు కాల్వలు తీస్తరు కదా, మూడూ ఒకే లోతు, ఒకే వెడల్పు. మోటరు ఆన్ చేయంగనే మూడింట్ల నీళ్లు పోతయ్. ఒకదాంట్ల మట్టి ఇసుమంత మెత్తగుంటది, అందుల కొంచెం ఎక్కువ పోతయ్, ఎక్కువ పోయేకొద్దీ అది కోసుకపోతది, లోతయితది, లోతైతే ఇంకా ఎక్కువ పోతయ్, ఆఖరికి నీళ్లన్నీ దాంట్లనే. ఇక్కడ కోసే పని సాల్వెంట్ చేస్తది. ఏదో ఒక కొమ్మ దగ్గర సాల్వెంట్ అణువులు ఇసుమంత ఎక్కువగా తిరిగి ఉంటయ్, చార్జి అటు కొంచెం మొగ్గుతది, చార్జి మొగ్గంగనే ఇంకా ఎక్కువ సాల్వెంట్ అణువులు అటు తిరుగుతయ్, దాంతోని చార్జి ఇంకా మొగ్గుతది. మూడు కొమ్మలల్ల ఏది అన్నది ముందే చెప్పలేం, ఒక్కో అణువుల ఒక్కోటి. అసిటోనైట్రైల్‌ల సాల్వెంట్ ఒక పికోసెకను, అంటే వెయ్యి ఫెమ్టోసెకన్ల, లోపలనే తిరిగిపోతది, మెథనాల్‌ల కొన్ని పికోసెకన్లు పడతది, కాబట్టి ఈ స్థిరపడే టైం కూడా సాల్వెంట్‌ని బట్టి ఉంటది. హెక్సేన్ అసోంటి సాల్వెంట్ల ఈ కోసే శక్తి లేదు, అక్కడ శక్తి కొమ్మల మీద పరుచుకొని ఉండొచ్చు, లేకపోతే కొమ్మ నుంచి కొమ్మకి దూకుతుండొచ్చు. కొమ్మల నడుమ కప్లింగ్ గట్టిదైతే పరుచుకునుడు గెలుస్తది, సాల్వెంట్ గుంజుడు గట్టిదైతే ఒక్క కొమ్మ గెలుస్తది. మొత్తం కథ ఈ రెండింటి కొట్లాటనే.

(ఒక విద్యార్థిని: సార్, దూకుతున్నదా, పరుచుకున్నదా ఎట్ల తెలుస్తది?)

మంచి ప్రశ్న అమ్మా, దానికి టార్చ్ లైటు చాలదు. రెండు పద్ధతులున్నయ్. ఒకటి ట్రాన్సియెంట్ అబ్సార్ప్షన్. ఒక పల్సుతోని అణువుని లేపుతం, దాని వెనకాల ఇంకో బలహీనమైన తెల్ల పల్సు పంపి అప్పుడు అణువు ఏ రంగులు మింగుతున్నదో చూస్తం. రెండు పల్సుల నడుమ టైం ఎట్ల పెడ్తరంటే, గడియారం ఏం పనికిరాదు, వెలుగు నడిచే దూరం మారుస్తరు. ఒక చిన్న బండి మీద అద్దాలు పెట్టి 15 మైక్రాన్లు వెనకకి జరిపితే వెలుగు పోయి రావాలె కాబట్టి 30 మైక్రాన్ల దూరం పెరుగుతది, అంటే 100 ఫెమ్టోసెకన్ల ఆలస్యం. మన వెంట్రుక మందం 60, 70 మైక్రాన్లు ఉంటది, దాంట్ల పావు వంతు జరిపితే చాలు. నేను ఫస్ట్ టైం ఆ బండి జరుగుడు చూసినప్పుడు కంటికి ఏం కనబడలేదు, స్క్రీన్ మీద మాత్రం స్పెక్ట్రం మారిపోయింది. అట్ల అడుగడుగు జరుపుకుంటా పోతే అణువు సినిమా మొత్తం వస్తది. మొదలు వెలుగు తగిలిన స్టేట్, తర్వాత చార్జి జరిగిన స్టేట్, అది సాల్వెంట్‌ల కుదురుకుంటుంటే పీకులు మెల్లగ జరుగుడు, ఊగుడు చల్లారుడు 10, 20 పికోసెకన్ల దాకా, ఇట్ల ఒక్కోటి కనబడతది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఫెమ్టోసెకండ్ లేజర్లున్నయ్, మన నల్గొండ నుంచి రెండు మూడు గంటల తొవ్వ, పీహెచ్‌డీ ఆలోచన ఉన్నోళ్లు ఒకసారి పోయి చూడుండ్రి.

రెండో పద్ధతి అనైసోట్రోపీ, అంటే విడిచిన వెలుగు ఎంతవరకు ఒకే దిక్కుల ఉన్నదో కొలుచుడు, నీ ప్రశ్నకి సూటి జవాబు ఇచ్చేది ఇది. లేజర్ వెలుగుకి ఒక దిక్కు ఉంటది, పోలరైజేషన్. నిలువు వెలుగుతోని లేపితే నిలువుగ ఉన్న కొమ్మలే ఎక్కువ లేస్తయ్. లేచిన కొమ్మనే వెలుగు విడిస్తే అది కూడా ఎక్కువగా నిలువుగనే ఉంటది, ఆ కొలత విలువ 0.4 వస్తది. శక్తి ఒకే తలంల ఉన్న మూడు కొమ్మల నడుమ తిరిగి ఏ కొమ్మ నుంచి అన్నది మర్చిపోతే ఆ విలువ 0.1 కి పడిపోతది. రెండు ఫోటాన్లతో లేపితే ఇంకా మంచిది, మొదటి విలువ 0.57 దాకా పోవచ్చు, ఎందుకంటే రెండు ఫోటాన్లూ దిక్కుని ఎంచుకుంటయ్ కాబట్టి ఎంపిక ఇంకా గట్టిగైతది. ఇప్పుడు చూడు, అణువు మొత్తం తిరిగినా ఈ విలువ పడిపోతది, గానీ ఇంత పెద్ద అణువు సాల్వెంట్‌ల తిరగాలంటే వందల పికోసెకన్లు పడతది. వంద ఫెమ్టోసెకన్లల్ల విలువ పడిపోయిందంటే అణువు తిరగలేదు, శక్తి లోపల్నే తిరిగింది. పడుడు మరీ జల్దీ ఉంటే శక్తి మొదట్నించే పరుచుకున్నదని, కొన్ని పికోసెకన్లల్ల మెల్లగ పడితే దూకుతున్నదని అర్థం. మిషిగన్‌ల థియోడర్ గుడ్‌సన్ గ్రూపు ఈ పని చాలా చేసింది, నైట్రోజన్ సెంటర్ ఉన్న కొమ్మల అణువులల్ల చాలా జల్దీ పడుతదని చూపించిండ్రు. నైట్రోజన్ మీద లోన్ పెయిర్, అంటే బంధంల లేని ఎలక్ట్రాన్ల జత, ఉన్నది, అది మూడు కొమ్మలని కలిపే వంతెన.

ఇక శక్తి ఒక కొమ్మకి చేరినంక కథ అయిపోలే. కొమ్మ చివర నైట్రో గ్రూపు పెట్టిండ్రనుకోండ్రి, అది చార్జిని గట్టిగ గుంజుతది, టూ-ఫోటాన్ నంబర్ పెరుగుతది, పేపర్‌ల బాగ కనబడతది. కానీ పోలార్ సాల్వెంట్‌ల చార్జి జరిగినంక కొమ్మ మెలితిరుగుతది, మెలితిరిగిన స్టేట్ వెలుగు విడవదు, శక్తి వేడి అయిపోతది. ఇంకోటి, నైట్రో ఉంటే ట్రిప్లెట్ స్టేట్‌కి, అంటే మామూలుగా వెలుగు విడవకుండ ఎక్కువ సేపు నిలిచే ఇంకో స్టేట్‌కి, పోవుడు కూడా జల్దీ అయితది. మైక్రోస్కోప్‌కి కావాల్సింది ఎంత మింగింది ఒక్కటే కాదు, మింగింది ఇంటు ఎంత విడిచింది. వెయ్యి జీఎం ఉండి క్వాంటం యీల్డ్, అంటే మింగినదాంట్ల వెలుగుగ విడిచిన వంతు, 0.01 ఉంటే వచ్చేది 10, వంద జీఎం ఉండి యీల్డ్ 0.8 ఉంటే వచ్చేది 80. నీళ్లల్ల, బతికిన కణంల వాడాలంటే ఆ నీళ్లు మస్తు పోలార్, అక్కడ డై ఆరిపోతే మింగి ఏం లాభం. అయితే ట్రిప్లెట్‌కి పోవుడు అన్నిచోట్లా చెడు కాదు, క్యాన్సర్‌కి ఫోటోడైనమిక్ థెరపీల అదే కావాలె, ట్రిప్లెట్ నుంచి ఆక్సిజన్‌కి శక్తి పోయి సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన ఆక్సిజన్ తయారై కణాన్ని చంపుతది. ఏం పనికి అన్నది ముందు తేల్చుకొని అణువుని గీయాలె.

కొలతల గురించి ఒక గట్టి మాట చెప్తా. నానోసెకండ్ పల్సులతోని కొలిస్తే టూ-ఫోటాన్ నంబర్ చాలాసార్లు ఉబ్బిపోయి వస్తది. పల్సు పొడవుగ ఉంటది కాబట్టి మొదట లేచిన అణువు అదే పల్సుల మూడో ఫోటాన్‌ని కూడా మింగుతది, మనం అంతా టూ-ఫోటాన్ ఖాతాల రాసేస్తం. పాత పేపర్లల్ల పదింతల, వందింతల నంబర్లు చూసి ఆశ్చర్యపోయే ముందు పల్సు పొడవు చూడుండ్రి. ఇక కొమ్మలు పెరిగితే అణువు బరువు కూడా పెరుగుతది కదా, కాబట్టి ఒక్కో కొమ్మకి ఎంత వచ్చింది అని భాగించి చూడాలె. భాగించినంక కూడా పెరిగి కనబడితేనే కొమ్మలు నిజంగ ఒకదానికొకటి సాయం చేసినట్టు. కొన్ని అణువులల్ల మూడు కొమ్మలు మూడింతలే ఇస్తయ్, అక్కడ కప్లింగ్ లేదని ఒప్పుకోవాలె.

కొమ్మలని ఎట్ల కలిపినం అన్నది కూడా పెద్ద తేడా చేస్తది. బెంజీన్ రింగు మీద పారా స్థానంల కలిపితే కాంజుగేషన్ దాటిపోతది, మెటా స్థానంల, అంటే ఒక మూల విడిచి పక్క మూలల, కలిపితే అక్కడ తెగిపోతది, ఒక్కో కొమ్మ దేనికదే. ఇది మీకు ఆర్గానిక్ కెమిస్ట్రీ ఫస్ట్ ఇయర్‌లనే చెప్తరు, ఇక్కడ దాని విలువ చూడుండ్రి. 1997ల కోపెల్‌మన్, మూర్ వాళ్లు ఫినైల్ అసిటిలీన్ డెండ్రిమర్, అంటే చెట్టులాగ కొమ్మ మీద కొమ్మ చీలిన అణువు, మీద పేపర్ వేసిండ్రు, అన్నీ మెటా కలయికలు, లోపలికి పోయేకొద్దీ కొమ్మ ముక్కలు పొడుగయితయ్, పొడుగైనకొద్దీ శక్తి తక్కువ, నడుమల పెరిలిన్. బయట కొమ్మల మీద పడ్డ శక్తి మెట్టు మెట్టు దిగుకుంటా నడుమకి చేరిపోతది, వెనకకి రాదు. తర్వాత ఫ్రెషె గ్రూపు, ప్రసాద్ గ్రూపు కలిసి బయట టూ-ఫోటాన్ డైలు, నడుమల నైల్ రెడ్ అనే డై పెట్టి, రెండు ఫోటాన్లు బయట మింగితే వెలుగు నడుమ నుంచి వచ్చేటట్టు చేసిండ్రు. అంటే మింగే పని ఒకరిది, విడిచే పని ఇంకొకరిది. నాకు వ్యక్తిగతంగ ఈ దారి మీదనే ఎక్కువ నమ్మకం, ఒకే కొమ్మని అన్ని పనులు చేయమంటే ఏదో ఒక దగ్గర అది ఓడిపోతది.

(ఒక విద్యార్థి: సార్, ఆఖరికి అణువుకి యాది ఉండదు, అదే స్టేట్‌కి వస్తది అన్నరు. అట్లయితే రెండు ఫోటాన్ల లేజర్ లేకుండ మేం ఇక్కడ ఏమన్న చేయొచ్చా?)

చెప్తా అన్న సౌకర్యం అదే బాబూ. కింది స్టేట్‌కి చేరినంక జరిగేదంతా ఒక్క ఫోటాన్‌తోని లేపి కూడా చూడొచ్చు. రెండు ఫోటాన్లతో వేరయ్యేది మొదటి కొన్ని వందల ఫెమ్టోసెకన్లు, ఇంకా మొదటి అనైసోట్రోపీ విలువ, అంతే. కాబట్టి మీ ల్యాబ్‌ల యూవీ-విజిబుల్ ఉన్నది, ఫ్లోరిమీటర్ ఉంటే ఇంకా మంచిది. ట్రైఫినైల్ అమీన్ మీద ఒక ఆల్డిహైడ్, రెండు, మూడు పెట్టుడు విల్స్‌మైయర్ రియాక్షన్‌తోని వస్తది, పాత రియాక్షనే, అయితే మూడోది పెట్టుడు కష్టం, ఎందుకంటే మొదటి రెండు ఆల్డిహైడ్లు ఎలక్ట్రాన్లని గుంజేసి నైట్రోజన్ ఓపిక తగ్గిస్తయ్. ఒకటి, రెండు చేసినా చాలు, పోల్చొచ్చు. ఆ ఆల్డిహైడ్‌కి మలోనోనైట్రైల్ కలిపితే నోవెనాగెల్ రియాక్షన్ల కొమ్మ చివర గట్టిగ గుంజే గ్రూపు వస్తది. ఒక్కోదాన్ని అయిదారు సాల్వెంట్లల్ల కలిపి మింగే పీక్ ఎక్కడ, విడిచే పీక్ ఎక్కడ రాయుండ్రి, రెండింటి తేడాని సాల్వెంట్ పోలారిటీకి ఎదురుగ గీయుండ్రి, దాన్ని లిప్పర్ట్-మటాగ ప్లాట్ అంటరు. ఒక కొమ్మ అణువు స్లోప్, మూడు కొమ్మల అణువు స్లోప్ దగ్గర దగ్గర వచ్చినయ్ అనుకోండ్రి, మూడు కొమ్మల అణువు కూడా ఒక్క కొమ్మ మీదనే వెలుగు విడుస్తున్నదని మీ చేతులతోని మీరే నిరూపించినట్టు.

ఒక్క జాగ్రత్త. క్వాంటం యీల్డ్ కొలిచేటప్పుడు క్వినైన్ సల్ఫేట్‌ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌ల కలిపి స్టాండర్డ్ పెట్టుండ్రి, దాని విలువ 0.54 చుట్టూ ఉంటది. ద్రావణం అబ్సార్బెన్స్ లేపే వేవ్‌లెంగ్త్ దగ్గర 0.1 దాటనియ్యొద్దు, దాటితే విడిచిన వెలుగుని పక్క అణువులే మళ్ల మింగేస్తయ్, లెక్క తప్పుతది. సాల్వెంట్ మారితే రిఫ్రాక్టివ్ ఇండెక్స్ వర్గంతోని సరిచేయాలె, అది మర్చిపోవద్దు. ఈ సీసాలు ఇక్కడే వదిలి పోతున్న, డై ఇంకా కొంచెం పొడి రూపంల కూడా ఉన్నది, మీ మేడంకి ఇచ్చిన. సోమవారం నుంచి మొదలు పెట్టుండ్రి, గ్రాఫ్ వచ్చినంక నాకు పంపుండ్రి, కూచొని చూద్దాం.